తొమ్మిది పేజీల పాలసీ, గడియ లేని తలుపు

నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్ల మీద రొయ్యల ప్లాంట్లు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో నేను కొన్నేళ్ళు ఆఫీసు పని చూశాను. హాజరు పట్టీలు, పీఎఫ్ కాగితాలు, షిఫ్టు బస్సుల లెక్క, ఇవన్నీ నావే. ఒకరోజు పంచింగ్ మిషన్ పక్కనున్న బోర్డుకి తొమ్మిది పేజీల ఇంగ్లీషు కాగితం గుచ్చారు. కింద రెండు లైన్ల తెలుగు: "జెండర్ ఐడెంటిటీ, ఇంక్లూజన్ పాలసీ ముసాయిదాపై మీ అభిప్రాయాలు పదిహేను రోజుల్లో తెలుపగలరు." అంటే, ట్రాన్స్‌జెండర్ వాళ్ళని కూడా పనిలో కలుపుకుపోవడం ఎలా అన్న కంపెనీ నియమాల చిత్తుప్రతి అది. ఆ తెలుగు నేను రాసిందే. అంతకంటే మంచి తెలుగు రాయడానికి ఆరోజు నాకు తీరిక లేదు.

పదిహేను రోజుల్లో మూడు జవాబులొచ్చాయి. ఒకటి "ఓకే". రెండోది "మాకు అభ్యంతరం లేదు" అని సూపర్‌వైజరే రాసి ఇరవై మంది చేత సంతకాలు పెట్టించిన కాగితం. మూడోది పేరు లేని చీటీ. అందులో ఉన్న మాటలు ఇక్కడ రాయను.

అప్పట్నుంచి ఇలాంటి ముసాయిదాలు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. ఒంగోలులో గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో పనిచేసే ఫ్రెండు పంపాడు. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మా పిన్ని కూతురు పంపింది. కావలిలో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే కుర్రాడొకడు పంపాడు. అందరూ అడిగేది ఒకటే: "ఏం రాయమంటావు? తేడాగా రాస్తే ఉద్యోగానికి ముప్పా?" ఆ టెన్షన్ న్యాయమైనదే. విషయం కూడా చిక్కుగానే ఉంది. కానీ ఒక్కో పోగు విడదీస్తే అంత కష్టమేం కాదు.

అసలు ఈ కాగితం మన ఊరికి ఎందుకొచ్చిందో ముందు చూడాలి. రెండు దారులున్నాయి. ఒకటి, బయటి దేశాల కొనుగోలుదారులు. మన రొయ్య ఎక్కువగా అమెరికా పోతుంది. అక్కడి కంపెనీలు సరుకు నాణ్యతతో పాటు పనివాళ్ళని ఎలా చూస్తున్నారో కూడా ఆడిట్ చేయిస్తాయి. ఆడిట్ వచ్చే నెలలో ఫైల్లో పాలసీ ఉండాలి, దానికి "సిబ్బందిని సంప్రదించాం" అనే రుజువూ ఉండాలి. రెండోది మన చట్టమే. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగంలోకి తీసుకోవడంలో గానీ, ప్రమోషన్లో గానీ వివక్ష చూపకూడదని దాని 9వ సెక్షన్ చెప్పింది. ఫిర్యాదులు వినడానికి ప్రతి సంస్థా ఒక అధికారిని పెట్టాలని 11వ సెక్షన్ చెప్పింది. ఇది సర్కారు ఆఫీసులకే కాదు, ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. 2020లో వచ్చిన నిబంధనలు ఇంకొంచెం ముందుకెళ్ళి, ప్రతి సంస్థా సమాన అవకాశాల పాలసీ రాసి అందరికీ కనపడేలా పెట్టాలన్నాయి. అందులో ఏముండాలో కూడా చెప్పాయి: ఎవరైనా వాడుకోగల మరుగుదొడ్లు, రాకపోకల్లో భద్రత, వ్యక్తి జెండర్ వివరాలు గోప్యంగా ఉంచడం, ఫిర్యాదు అధికారి ఎవరన్నది.

ఇవన్నీ కాగితం మీదే నిద్రపోతున్నాయని చివరికి సుప్రీం కోర్టే అనాల్సి వచ్చింది. తన గుర్తింపు కారణంగా రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు బడుల ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ట్రాన్స్ ఉపాధ్యాయురాలి కేసులో, 2025 అక్టోబరులో, ఆమెకి పరిహారం ఇప్పించి, సమాన అవకాశాల పాలసీ ముసాయిదా తయారుచేయడానికి ఒక కమిటీని కూడా వేసింది.

దీన్నిబట్టి మొదటి ముడి విడిపోతుంది. ఆ కాగితం మిమ్మల్ని "ట్రాన్స్‌జెండర్ వాళ్ళు మీకిష్టమేనా" అని అడగడం లేదు. పక్కన కూర్చుని పనిచేసే హక్కు వాళ్ళకుందా లేదా అన్నది మీ ఓటుతోనో నా ఓటుతోనో తేలేది కాదు. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ కేసులో సుప్రీం కోర్టు వాళ్ళని మూడో జెండర్‌గా గుర్తించింది, రాజ్యాంగం ఇచ్చే సమానత్వం వాళ్ళకీ ఉందని చెప్పింది. కాగితం అడుగుతున్నది వేరు: ఈ ప్లాంటులో, ఈ షిఫ్టులో, ఈ బస్సులో అది ఎలా జరగాలి? దానికి జవాబు చెప్పగలిగేది మీరే. ఢిల్లీ జడ్జికీ తెలీదు, అమెరికా కొనుగోలుదారుకీ తెలీదు.

రెండో ముడి, ఏ దేశం చట్టం? ఇది నవ్వులాటలా ఉంటుంది గానీ నిజంగానే చూసుకోవాలి. మా ముసాయిదా ఆరో పేజీలో బ్రిటన్ వాళ్ళ 2010 నాటి సమానత్వ చట్టం పేరుంది. ఎవరో ఎక్కడినుంచో తెచ్చి అతికించారు. బ్రిటన్‌లో గొడవ వేరు. అక్కడి సుప్రీం కోర్టు 2025 ఏప్రిల్ 16న ఆ చట్టంలో "మహిళ" అంటే పుట్టుకతో వచ్చిన శారీరక లింగమే లెక్క అని తేల్చింది. ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో ఆ వార్త చూపించి "కోర్టే చెప్పింది" అని వాదించేవాళ్ళని చూశాను. ఆ తీర్పు అక్కడి చట్టానికి సంబంధించింది, నెల్లూరుకి కాదు.

మన దగ్గర ఏం జరిగిందో చూడాలంటే ఒంగోలు దాకా పోతే చాలు. ఒక ట్రాన్స్ మహిళ, అంటే పుట్టినప్పుడు మగ అని రాసినా తనని ఆడమనిషిగా గుర్తించుకునే మనిషి, భర్త మీద, అత్తింటివాళ్ళ మీద ఒంగోలు మహిళా పోలీస్ స్టేషన్‌లో వేధింపుల కేసు పెట్టింది. ఆమె మహిళే కాదు కాబట్టి భార్యని వేధిస్తే పెట్టే 498ఏ సెక్షన్ కింద కేసు చెల్లదని అవతలి పక్షం వాదన. పిల్లల్ని కనే వీలు లేదన్న కారణంతో ఆమెని మహిళ కాదనడం కుదరదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది. ఆధారాలు చాలవని ఆ కేసునైతే కొట్టేసింది, అది వేరే సంగతి. గుర్తింపుని ఎవరు, ఏ పద్ధతిలో నిర్ధారించాలన్నది మాత్రం మన దేశంలో మొదటి నుంచీ వాదనల్లో ఉన్న విషయం. చట్టాలు మారుతుంటాయి కూడా. కాబట్టి జవాబు రాసేరోజున ఏది అమల్లో ఉందో చూసుకుని, ముసాయిదాలో చట్టం పేరు, సంవత్సరం సరిగ్గా రాయమని అడగండి. అది ఎవరినీ నొప్పించని, చాలా ఉపయోగపడే అభిప్రాయం.

ఇక మాటల సంగతి. ముసాయిదాని తెలుగులో చదివి వినిపించమని క్యాంటీన్లో నన్ను నిలబెట్టారు. "లింగ గుర్తింపు" అనగానే వెనక బెంచీలో నవ్వులు. ఇంక్లూజన్‌కి బదులు "సమ్మిళితం" అనగానే ఒకాయన, "మిళితం అంటే మిక్సింగే కదా సార్, ఐస్ సెక్షన్లో చేస్తాం కదా" అన్నాడు. తప్పు నాదే. జెండర్ అంటే ఈ జిల్లాలో అందరికీ అర్థమవుతుంది, ఓటరు ఫారంలో చూస్తూనే ఉంటారు. పుట్టినప్పుడు శరీరం చూసి డాక్టరు రాసేది ఒకటి. మనిషి తనని తాను ఆడో మగో, రెండూ కాదో అనుకునేది ఇంకొకటి, అది జెండర్ ఐడెంటిటీ. ఎవరి మీద మనసు పోతుంది అన్నది మూడోది, దానికీ దీనికీ సంబంధం లేదు. ఈ మూడూ కలిపేసిన ముసాయిదాలు నేను రెండు చూశాను.

ఇప్పుడు అందరి మనసులోనూ ఉన్న విషయం: బాత్‌రూం.

రొయ్యల ప్లాంటులో పని మొదలయ్యే ముందు డ్రెస్ మార్చుకునే గది అంటే ఏంటో తెలియాలి. రొయ్య పొట్టు తీసే పీలింగ్ హాల్లోకి గాజులు, పూలు, బొట్టుబిళ్ళ ఏదీ పోకూడదు. అన్నీ తీసి, చీర మీద కోటు వేసి, టోపీ, మాస్కు, గంబూట్లు తొడుక్కుని, క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచి లోపలికి పోవాలి. షిఫ్టు మారే పది నిమిషాల్లో అరవై మంది ఆడవాళ్ళు ఒక గదిలో తోసుకుంటూ ఉంటారు. ఆ నోటీసుకి ముందు ఏడాది మా హాల్లో ఒక ట్రాన్స్ మహిళ రెండు నెలలు పనిచేసింది. అందుకే ఈ ప్రశ్న మా దగ్గర పుస్తకాల్లోది కాదు.

గడువు ఇంకో వారం పెంచమని అడిగి, షిఫ్టు దిగాక ఆడవాళ్ళని కూర్చోబెట్టి అడిగాను. ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చే ఒక పెద్దామె, ఇరవై ఏళ్ళుగా రొయ్య తలలు తీస్తున్న మనిషి, అన్న మాట ఇది: "నాకు ఆ పిల్లతో పేచీ ఏం లేదబ్బయా. బాత్‌రూం తలుపుకి గడియ లేదని ఆర్నెల్లుగా చెప్తా ఉండాం. గడియ లేకుంటే ఎవురొచ్చినా భయమే గదా."

ఆ మాటతో సగం చిక్కు విడిపోయింది నాకు. బట్టలు మార్చుకునే చోట ఆడవాళ్ళకి ఏకాంతం కావాలనడం ద్వేషం కాదు. అలా అన్నవాళ్ళని పాత కాలం మనుషులని తీసిపారేసే ముసాయిదా నాకు నచ్చదు. అలాగని ఆ భయాన్ని అడ్డం పెట్టి ఒక మనిషిని గేటు బయట నిలబెట్టడమూ న్యాయం కాదు. ఎందుకంటే ఆ రెండు నెలలూ ఆ ట్రాన్స్ మహిళ చేసిందేమిటంటే, పొద్దున ఇంటి దగ్గర బాత్‌రూంకి పోయి వచ్చి, మళ్ళీ సాయంత్రం ఇంటికెళ్ళేదాకా నీళ్ళు తాగకపోవడం. భయం ఇద్దరిదీ. రెండింటికీ మందు గోడ, తలుపు, గడియ.

చట్టం ఇక్కడ కొంచెం తమాషాగా ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మగవాళ్ళకి వేరు, ఆడవాళ్ళకి వేరు మరుగుదొడ్లు అంది, అంతే. దాని స్థానంలో వచ్చి 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో పురుష, మహిళా, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకు వేరువేరుగా ఏర్పాట్లు ఉండాలని ఉంది. 2020 నిబంధనలేమో ఎవరైనా వాడుకునే మరుగుదొడ్ల మాట ఎత్తాయి. వినడానికి రెండూ మంచివే. కానీ "ట్రాన్స్‌జెండర్" అని బోర్డు పెట్టిన గది ఒకటే ఉంటే, దాంట్లోకి పోయే ప్రతిసారీ ఆ మనిషి హాలంతటికీ చాటింపు వేసుకున్నట్టే. కొత్తగా చేరి, ఎవరికీ చెప్పుకోని మనిషైతే దాని గడప తొక్కదు. అందుకే నేను అడిగినవాళ్ళకల్లా చెప్పేది: వేరు గది ఉండనీండి, చట్టం కోరింది కాబట్టి. దాంతో పాటు, ఏ బొమ్మా లేకుండా నేల నుంచి కప్పు దాకా గోడలున్న ఒక్కరి గదులు రెండైనా అడగండి. గర్భిణులు వాడుకుంటారు, ఆపరేషన్ అయినవాళ్ళు వాడుకుంటారు, సిగ్గరి పిల్లలు వాడుకుంటారు. ఎవరెందుకు పోయారో ఎవరికీ తెలీదు.

పిలుపు సంగతికొద్దాం. ముసాయిదాలో ఒక పేజీ మొత్తం హీ, షీ లాంటి ఇంగ్లీషు సర్వనామాల గురించే. బ్యాడ్జీ మీద రాసుకోవాలట. తెలుగులో ఆ ఇబ్బంది అక్కడ లేదు. "వచ్చాడు", "వచ్చింది" అన్నచోట ఉంది, "వచ్చారు" అంటే పోతుంది. మీరు, గారు, వారు అన్నన్నాళ్ళూ తెలుగు ఎవరి జెండరూ అడగదు. కానీ పీలింగ్ హాల్లో ఎవరూ ఎవరినీ గారు అనుకోరు కదా. అక్కడ ఉండేది అక్కా, అన్నా, ఏందమ్మా, ఏందయ్యా. నిజమైన పరీక్ష ఆ వరసలోనే ఉంటుంది. మా హాల్లో పనిచేసిన ఆ ట్రాన్స్ మహిళని పక్క టేబుల్ వాళ్ళు రెండో వారానికే అక్కా అన్నారు, ఏ పాలసీ చెప్పకుండానే. చిక్కు పైనుంచి వచ్చింది. పొద్దున్నే హాజరు పిలిచేటప్పుడు కార్డు మీదున్న పాత పేరు, మగ పేరు, మైకులో పిలిచేవాళ్ళు. వంద మంది ఒకేసారి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఆ పట్టీ తయారుచేసింది నేనే. "ఆధార్‌లో ఎట్లా ఉంటే అట్లా" అని మేనేజర్ చెప్పాడు, నేను తలూపాను. రెండు నెలల తర్వాత ఆమె రావడం మానేసింది. జీతం బాకీ తీసుకోవడానికి కూడా రాలేదు, ఫోన్ పే చేశాం.

కాబట్టి బ్యాడ్జీల పేజీ మీద వాదించి టైం పాడు చేసుకోవద్దు. దాని బదులు ఇది రాయండి: హాజరు పట్టీలో, లాకరు మీద, బస్సు లిస్టులో మనిషి పిలిపించుకునే పేరు ఉండాలి. ఆధార్ పేరు పీఎఫ్ ఫైల్లోనే ఉండాలి, ఆ ఫైలు ఎవరు తెరవొచ్చో రాసి ఉండాలి.

ఈ పీఎఫ్ ముక్క చిన్నదిగా కనపడుతుంది గానీ ఆఫీసు పని చేసినవాళ్ళకి తెలుసు. ఆధార్‌లో పేరు, జెండర్, పుట్టిన తేదీ పీఎఫ్ ఖాతాలోవాటితో సరిపోకపోతే డబ్బు ఆగిపోతుంది. అక్షరం తేడాకే నెలలు తిరిగినవాళ్ళున్నారు. ఇక పేరు, జెండర్ రెండూ మార్చుకున్న మనిషి సంగతి చెప్పక్కర్లేదు. ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్, ఏ వరసలో మార్చాలో కంపెనీ హెచ్‌ఆర్ దగ్గరుండి చేయించాలని పాలసీలో ఒక వాక్యం ఉంటే అది మిగతా ఎనిమిది పేజీల పెట్టు. అలాగే గుర్తింపు సర్టిఫికెట్ కోసం 2019 చట్టం చూపించింది జిల్లా మేజిస్ట్రేటుని, అంటే కలెక్టరుని. ప్లాంటు డాక్టరునో సెక్యూరిటీ ఇన్‌ఛార్జినో కాదు. "అవసరమైతే యాజమాన్యం నిర్ధారించుకోవచ్చు" అనే వాక్యం మీ ముసాయిదాలో కనపడితే తీసేయమని రాయండి. ఆ వాక్యం ఎక్కడికి దారి తీస్తుందో ఊహించుకోవచ్చు.

ఫిర్యాదుల దగ్గర ఇంకో తిరకాసు. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. ఆ చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేది మహిళ. ట్రాన్స్ మహిళ వస్తే తీసుకుంటారా? ట్రాన్స్ పురుషుడు వస్తే? ఆ చట్టం విడిగా చెప్పలేదు. కంపెనీ తన పాలసీలో "ఎవరు ఇచ్చినా తీసుకుంటాం" అని రాసుకోవడానికి అడ్డేమీ లేదు, కాబట్టి రాయమనండి. 2020 నిబంధనల ప్రకారమైతే ఫిర్యాదు అధికారి పదిహేను రోజుల్లో విచారించాలి, ఆ రిపోర్టు మీద సంస్థ పెద్ద ఇంకో పదిహేను రోజుల్లో చర్య తీసుకోవాలి. మీ ముసాయిదాలో "తగిన సమయంలో" అని ఉంటే ఆ రోజుల లెక్క పెట్టమనండి.

గేటు బయట సంగతి ముసాయిదాలు సాధారణంగా మర్చిపోతాయి. 2017లో కొచ్చి మెట్రో ట్రాన్స్‌జెండర్ వాళ్ళకి ఉద్యోగాలిచ్చిందని దేశమంతా మెచ్చుకుంది. కొద్ది వారాలకే వాళ్ళలో కొందరు మానేశారు. పని నచ్చక కాదు, ఇల్లు అద్దెకి ఇచ్చేవాళ్ళు లేక. నెల్లూరులో, ఒంగోలులో పరిస్థితి వేరుగా ఏమీ ఉండదు. కంపెనీకి హాస్టలుంటే, రాత్రి బస్సుంటే, వాటి గురించి పాలసీలో ఏముందో చూడండి.

నమ్మకం అడ్డొస్తే? అది కూడా రాయొచ్చు. మా ప్లాంటులో ఒకాయన, చర్చికి పోయే మనిషి, నాతో నిజాయితీగా అన్నాడు: "ఇది నా మనసుకి ఎక్కదు. అట్లాగని ఎవరినీ మాట అనను." ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? పాలసీ అడగాల్సింది నడవడికనే. "మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను" అని సంతకం పెట్టించే వాక్యం ఉంటే, దాన్ని "పనిచోట ఎవరినీ కించపరచను" అని మార్చమని రాయమన్నాను ఆయనకి.

ఎలా రాయాలో ఒక మచ్చు చూపిస్తాను. "మహిళల భద్రత దృష్ట్యా ఈ పాలసీని పునరాలోచించగలరు" అని రాస్తే చదివినవాళ్ళు ఫైల్లో పెట్టేస్తారు, మీరు వ్యతిరేకమని గుర్తు పెట్టుకుంటారు. అదే సంగతి ఇలా రాయొచ్చు: "బి షిఫ్టు మహిళల గదిలో నాలుగు మరుగుదొడ్లున్నాయి. రెండింటికి గడియ లేదు. డ్రెస్ మార్చుకోవడానికి తెర కూడా లేదు. నాలుగో పేజీలోని ఏర్పాటు అమలయ్యే లోపు ఇవి సరిచేయాలి." దీనికి మేనేజరు ఏదో ఒకటి చెప్పి తీరాలి. పేజీ నంబరు వేయండి. తెలుగు ప్రతి అడగండి, ఇవ్వకపోతే గడువు పొడిగించమనండి. ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు: "మా సెక్షన్లో ఫలానా మనిషి కూడా అట్లాంటివారే" అని ఉదాహరణ ఇవ్వడం. మంచి ఉద్దేశంతోనే రాసినా, వాళ్ళు చెప్పుకోని సంగతి మీరు బయటపెట్టినట్టవుతుంది. మీ పేరు రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం గానీ, జవాబులు ఎవరి టేబుల్ మీదికి పోతాయో ముందు అడిగి రాయండి.

మా ప్లాంటు ఆడవాళ్ళు ఆరోజు చెప్తుంటే నేను రాసుకున్నాను. పదకొండు అంశాలు తేలాయి. పెద్దామె వేలిముద్ర వేసింది, మిగతావాళ్ళు సంతకాలు పెట్టారు. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించి ఆమె చేతికే ఇచ్చాను. గడియలు నాలుగో రోజున వచ్చాయి. మిగతా పదింటి మీద, నేను అక్కడ మానేసేదాకా, "పరిశీలనలో ఉంది" అన్న మాటే వినపడింది. ఆ స్టాంపు వేసిన ప్రతి ఆమె టిఫిన్ బాక్సు సంచిలో మడతపెట్టుకుని తిరిగేది. ఆడిట్ వాళ్ళు వచ్చినరోజు తీసి చూపించింది.